ఇరవై ఏడు డిగ్రీల దగ్గర నాలుగు వందల పది

211వ ఆము
ఎండల నెల, 3వ రోజు

ఈసారి కాల్చిన ఆము కూడా అంతంతమాత్రమే. పొడులు ఆరబెట్టి తూచాను, ఒక రోజంతా మరలో నూరాను, అచ్చులో బిళ్ళలుగా నొక్కి, ఆ పొడితోనే కప్పి ఆము బట్టీలో కాల్చాను. వెండి పూత పూసి, వేడి నూనెలో ముంచి, ఆరు వేల వోల్టులు పెట్టి, ఒక రోజు ఊరికే పడుకోబెట్టాను. పిల్లలకు కూడా ఇంత చాకిరీ చేయలేదు నేను. తీరా కొలిస్తే 258.

ఈ బిళ్ళను నొక్కితే కరెంటు పుడుతుంది. ఎంత నొక్కితే ఎంత పుడుతుందో చెప్పేదే ఆ అంకె. సీసం కలిపితే నిద్రలో చేసినా 380 వచ్చేది. ఆము గుమ్మం మీద నల్లబల్లపై పాత సీసం అంకె 382 ఇంకా అలాగే ఉంది. మేముండే ఈ బొగ్గు బాయికి పెద్ద అయిన రాయలింగన్న దాన్ని చెరపనివ్వడు.

"ఉండనియ్యి భూలక్ష్మక్కా. అందుకునేదాంక కండ్ల ముందల ఉంటది" అన్నాడు ఇవాళ కూడా. పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. ఈ ఏడు మూడు వందలు దాటకపోతే సీసం గది తాళం తీద్దామా వద్దా అని సభ పెడతాడట.

మా అన్న యాదగిరి ఇరవై ఏళ్లు సీసం పొడి నూరాడు. చివరి మూడేళ్లు ఆయన రెండు చేతులూ మణికట్టు దగ్గర వాలిపోయాయి, గ్లాసు పట్టుకోలేకపోయాడు. ముద్దలు కలిపి మా వదిన పోశక్క తినిపించేది. ఆయన పోయిన ఏడే సీసం గదికి తాళం పడింది. ఆ తాళం మళ్లీ తీస్తే నేను బతికి దండగ.

214వ ఆము
ఎండల నెల, 29వ రోజు

410!

మూడుసార్లు కొలిచాను. 411, 409, 410. సిగ్గు విడిచి రాస్తున్నాను, గదిలో ఒక్కదాన్నే గెంతాను. యాభై రెండేళ్ల దానికి ఇదేం బుద్ధి అని ఎవరైనా అంటే అననీ.

చేసిందల్లా అంటిమొనీ పొడి, జిర్కోనియం పొడి చిటికెడు చిటికెడు పెంచడమే. బిళ్ళ లోపల అణువులు ఒక వరసలో సర్దుకుని ఉంటాయి. చల్లగా ఉంటే ఒక తీరు, వేడెక్కితే ఇంకో తీరు. ఆ మార్పు సరిగ్గా 27 డిగ్రీల దగ్గర జరిగేట్టు కలిపాను. కూర్చోవాలా లేవాలా అని ఊగుతున్న మనిషిని చిటికెన వేలితో కదిలించవచ్చు, నా బిళ్ళ పరిస్థితి అదే. చీమ నడిచినా ఉలిక్కిపడుతుంది.

27 ఎందుకంటే మా బాయి అంతటా ఏడాది పొడుగునా ఉండేది అంతే. పైన నేల మీద కోడిగుడ్డు ఉడికే ఎండ ఉన్నా, ఇక్కడ ఈ పాత బొగ్గు సొరంగాల్లో 27 మారదు. కొలత కూడా 27 దగ్గరే తీయాలని మా చట్టం.

రాయలింగన్న తన చేత్తోనే 382ను తుడిచి 410 రాశాడు. "సీసం సంగతి ఇగ ముగిసినట్టే అక్కా" అన్నాడు. నలభై బిళ్ళలూ ఇవాళే అయిదో సొరంగానికి వెళ్లిపోయాయి. అక్కడ నూట ముప్ఫై మంది కాపురముంటారు. వాళ్ల నెత్తిమీది బండలో పాతవి తీసి వీటిని అతికిస్తారు. బండ లోపల ఎక్కడ చిట్లినా ఆ అదురు బిళ్ళను నొక్కుతుంది, బిళ్ళ తీగలోకి కరెంటు వదులుతుంది, తీగ చివర పెట్టె ముందు కూర్చున్న మనిషి చెవిలో టిక్కుమంటుంది.

అయిదో సొరంగంలో ఆ పెట్టె ముందు కూర్చునేది మా వదినే. పద్దెనిమిదేళ్లుగా వింటోంది. వినేవాళ్ల గుర్తుగా ఎడమ చెవికి రాగి తీగ చుట్టుకుంటుంది. బిళ్ళలు పెట్టాక కబురు పంపింది, "మీ అన్న ఉంటే ఎంత సంబురపడేటోడో" అని. ఏడ్చాను.

214వ ఆము, మిగిలినది
రెండు రోజుల తర్వాత

ఈ పేజీ చదవను.

ఆము పుస్తకాన్ని ఏటా ఒకసారి అందరి ముందూ చదవాలని మా రివాజు. ఎవరూ వినరు. అంకె వచ్చేదాకా ఆవలిస్తారు, అంకె రాగానే చప్పట్లు కొడతారు. ఒక పేజీ దాటేస్తే ఎవరికీ తెలియదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే పుస్తకంలో అబద్ధం రాస్తే తర్వాతి మిశ్రమం తప్పుతుంది. ఇది నిజాయితీ కాదు, పనివాళ్ల జాగ్రత్త.

కొలతల గదికి కట్టిన తడి తెర ఇవాళ మధ్యాహ్నం ఎండిపోయింది. గమనించకుండా నమూనాగా నా దగ్గర ఉంచుకున్న బిళ్ళను కొలిచాను. 236 వచ్చింది. యంత్రం చెడిందనుకుని తిట్టాను. తర్వాత గోడ మీది థర్మామీటరు చూస్తే 34.

తెర తడిపి చల్లబరిచి కొలిస్తే 402. కావాలనే 38కి వేడిచేసి కొలిస్తే 171. మళ్లీ చల్లార్చితే 395. ఆ మార్పును దాటిన ప్రతిసారీ కొంత పోగొట్టుకుంటోంది. ఊగుతున్న మనిషి లేచి నిలబడిపోయాడు, ఇప్పుడు తోసినా కదలడు.

బాయిలో ఎప్పుడూ 27 అని మొన్న గొప్పగా రాశాను. ఎండపూటను మరిచిపోయాను. ఎనిమిది నెలలుగా మధ్యాహ్నం రెండు గంటలసేపు కొత్త గొట్టంలోంచి పైగాలి వదులుతున్నారు. జొన్నలు ఆరడానికి, బూజు చావడానికి. అందరూ తాళ్ల మీద బట్టలు వేస్తారు. నేనూ వేస్తాను. నా చీరలు ఆరుతున్న ఆ రెండు గంటలూ సొరంగాల కప్పు దగ్గర 38 ఉంటుంది. వేడికి బండ కదిలేదీ అప్పుడే.

ఇప్పుడే వెళ్లి చెప్పాలి. చెబితే బల్ల మీద 410 చెరిపి 382 రాస్తారు. తాళం తీస్తారు.

అన్నను అడ్డం పెట్టుకుంటున్నానని నాకు తెలుసు. సగం అన్న కోసం, సగం ఆ 410 కోసం.

వెళ్లలేదు.

215వ ఆము
వానల నెల, 11వ రోజు

పైన వానల్లేవు, పేరుకే వానల నెల.

వదిన ఆము దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ రాదు, ఈ పొడుల వాసన ఆమెకు గిట్టదు. గుమ్మంలోనే నిలబడింది.

"భూలచ్చిమీ, ఒక్క మాట. పొద్దుగాల అంత మంచిగ ఇనబడ్తది. ఎండపూట అయ్యేసరికి బండ నోరు మూసుకుంటది. ఇదివరకు ఎండపూటనే ఎక్కువ మాట్లాడేది. నీ బిళ్ళల ఏమన్న తేడా ఉందేమో సూడరాదు?"

"నాలుగు వందల పది వదినా. అంకె రాసి చీటీ కూడా ఇచ్చాను కదా" అన్నాను.

"చీటీ నాకేం ఇనిపిస్తది బిడ్డా?"

"మరి రాయలింగన్నతో చెప్పు" అన్నాను విసుగ్గా. ఆ విసుగు ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. తప్పు చేసినవాళ్లకు కోపం తొందరగా వస్తుంది. ఆమె కాసేపు నా ముఖం చూసి వెళ్లిపోయింది. ఈ పేజీ కూడా చదవను.

వెళ్లి రాయలింగన్నతో నిజంగానే చెప్పింది.

216వ ఆము
వానల నెల, 20వ రోజు

ఇవాళ వదినకు చెవి పరీక్ష జరిగింది.

410 అంకె ఉన్న బిళ్ళ వినడంలేదని ఎవరు నమ్ముతారు? అరవై దాటిన మనిషి చెవి మందగించిందంటే ఎవరైనా నమ్ముతారు. అందుకని పరీక్ష. వినే మనిషి పెట్టె ముందు కూర్చోవాలి. తెర అవతల కప్పు మీద ఇత్తడి సుత్తితో పదిచోట్ల ఒకే తీరుగా కొట్టాలి. ఎన్ని వినబడ్డాయో చెప్పాలి. కొట్టేది బిళ్ళలు చేసినవాళ్లే, అది రివాజు. అంటే నేనే.

ఆమె ఫిర్యాదు ఎండపూట గురించి కాబట్టి పరీక్షా ఎండపూటే పెట్టారు. నిచ్చెన ఎక్కితే కప్పు దగ్గర ముఖానికి వేడి కొట్టింది. సొరంగంలోని ఆడవాళ్లంతా ఆరేసిన బట్టల మధ్య నిలబడి చూస్తున్నారు. పది దెబ్బలు కొట్టాను. ఒక్కటీ తగ్గించలేదు, ఒక్కటీ మెల్లగా కొట్టలేదు. అదొక్కటే నేను చెప్పుకోగలిగింది.

"నాలుగు" అంది వదిన.

ఎవరో చిన్నగా అయ్యో అన్నారు. ఇంకెవరినైనా పెట్టె ముందు కూర్చోబెట్టి చూద్దామా అని ఒకావిడ అడిగింది. మంచి ప్రశ్న. రాయలింగన్న నిచ్చెన మీదున్న నావైపు తలెత్తి చూశాడు.

"బిళ్ళలు బాగానే ఉన్నాయన్నా" అన్నాను.

ఆయన వదిన చెవికున్న రాగి తీగను తనే విప్పాడు. మర్యాదగానే విప్పాడు, "తప్పుగ అనుకోకు పోశక్కా" అన్నాడు. పద్దెనిమిదేళ్లు తీగ ఉన్నచోట ఆమె చెవి మీద పచ్చటి గీత ఉంది. ఆమె దాన్ని కొంగుతో తుడుచుకుంది. అది పోలేదు.



216వ ఆము, మిగిలినది
మూడు రోజుల తర్వాత

వదిన జొన్న గటక, పచ్చిపులుసు తెచ్చింది. ఆము దగ్గర పని ఎక్కువైతే నేను వండుకోనని ఆమెకు తెలుసు. నా ఎదురుగా కూర్చుని నేను తినేదాకా లేవలేదు.

"నీ బిళ్ళలమీద నింద ఏసిన. మనసుల పెట్టుకోకు" అంది.

నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

"చెవి పోతాందని నాకే తెల్వకపాయె. పది కొడితివట, నాకు నాలుగే ఇనబడె. అంతకుముందు ఎన్ని ఇడిసిపెట్టిన్నో. నూట ముప్పై మందిని నా చెవి మీద పండబెట్టిన. తలుసుకుంటే వణుకు పుడ్తాంది."

"అట్లా అనకు వదినా" అన్నాను.

"ఇప్పుడు నువ్వు మాట్లాడేది గూడ సరిగ ఇనబడ్తలేదనిపిస్తది" అంటూ చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని నావైపు వంగింది. నేను ఎప్పటిలాగే మాట్లాడాను. ఆమె చెవికి ఏ రోగమూ లేదు, ఆ రోగం నేను తగిలించాను. పచ్చిపులుసు గిన్నె కూడా ఆమే కడిగి పట్టుకెళ్లింది.

ఇంత నీచానికి దిగుతానని నేనెన్నడూ అనుకోలేదు.

217వ ఆము
చలి నెల, 2వ రోజు

దొంగచాటుగా దిద్దుకుందామని చూస్తున్నాను. మిశ్రమం మార్చాను. లోపలి మార్పు గడ్డకట్టే చలికి కూడా అవతల జరిగేట్టు కలిపాను, అంటే బాయిలో ఎండపూట వచ్చినా రాకున్నా బిళ్ళ ఒకే తీరుగా ఉంటుంది. 20 దగ్గర 243. 27 దగ్గర 243. 38 దగ్గర 241. అంకె చిన్నది, నడవడి మంచిది.

ఇలాంటివి నలభై కావాలంటే ఇంకో అయిదు వారాలు పడుతుంది. అయ్యాక శుభ్రం చేసే నెపంతో పాతవి ఊడదీసి ఇవి అతికిస్తాను. వదినకు మళ్లీ పరీక్ష పెట్టించి తీగ ఇప్పిస్తాను. ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. అయిదు వారాలే కదా అని రోజుకు పదిసార్లు అనుకుంటున్నాను. చదివే రోజు ఇంకా దూరం ఉంది.

217వ ఆము, మిగిలినది
చలి నెల, 19వ రోజు



ఇవాళ ఎండపూట మొదలవగానే వదిన నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. ఆమె ఇంటి ముందు కప్పుకు ఆనించిన పాత కర్ర దిమ్మె ఒకటి ఉంది. బిళ్ళలు లేని కాలంలో తాతలు చేసినట్టు, ఆమె ఒక పుల్లను దిమ్మెకు ఆనించి రెండో కొస పళ్ల మధ్య పెట్టుకుంటోందట. చెవులు పోయినా పళ్లు ఉన్నాయి కదా అని.

"నాది పాడు చెవి, నా మాట ఎవ్వలు నమ్మరు. నువ్వు పెట్టుకో. నువ్వు చెప్తే నమ్ముతరు."

పుల్ల పళ్ల మధ్య పెట్టుకున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత దవడలో మూడు అదుర్లు. ఆగి రెండు. ఆ తర్వాత ఆగకుండా, ఎవరో లోపల పేలాలు వేయిస్తున్నట్టు.

పరుగెత్తాను. రాయలింగన్న పెట్టె దగ్గరే ఉన్నాడు. కొత్తగా వినడానికి కూర్చున్నవాడు బుద్ధిగా వింటున్నాడు.

"నిమ్మళంగ ఉందక్కా. ఒక్క టిక్కు లేదు" అన్నాడు రాయలింగన్న.

"నా బిళ్ళలు వినడంలేదన్నా. వాటిని నమ్మకు. అందర్నీ బయటికి పంపించు."

"నీ బిళ్ళలనే నువ్వు కాదంటున్నవా?"

"కాదంటున్నాను."

ఆయన కంచుపళ్లెం అందుకుని, అందరూ బయటికి రావాలని మోగించాడు. నూట ముప్ఫై మంది తడి బట్టలతో, సగం ఆరిన జొన్నలతో నాలుగో సొరంగంలోకి వచ్చిపడ్డారు. తలలు లెక్కపెట్టి అందరికన్నా చివర వచ్చింది వదిన. ఆమె వచ్చిన కాసేపటికి అరవై అడుగుల కప్పు కూలింది. దుమ్ము మా దాకా వచ్చింది. ఒక్క ప్రాణం పోలేదు.

దగ్గులు తగ్గాక రాయలింగన్న అడిగాడు. "బిళ్ళలు ఎప్పుడు చెడ్డయి?"

పరీక్షనాడు బాగున్నాయని నేనే చెప్పాను. అందరి కళ్లూ నామీదే ఉన్నాయి.

"ఈ మధ్యనే అయ్యుంటుంది" అన్నాను.

బతికినవాళ్ల మధ్య నిలబడి కూడా ఆ మాట అనగలిగాను.

218వ ఆము
చలి నెల, 27వ రోజు

ఎక్కడికి వెళ్లినా దండాలు. సొంత బిళ్ళల్నే కాదని ఊరిని కాపాడిన మనిషినట. ఒకావిడ కూతురికి నా పేరు పెట్టింది. ఆ పిల్లను ఎత్తుకోమని ఇస్తే చేతులు కడుక్కుని వస్తానని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మొదట విన్నది వదిన అని రాయలింగన్నకు చెప్పాను. ఆయన ఆమెను పిలిచి అడిగాడు. ఆమె నవ్వింది. "నేను పుల్ల పట్టుకున్న గని, నాది కాలం అయిపోయిన చెవి. ఇన్నది మా ఆడబిడ్డనే" అంది.

అందుకని తీగ నాకు కడతారట. పుస్తకం చదివే రోజునే. తీగకు పట్టిన చిలుము పోవాలని వదిన చింతపండు పెట్టి తోముతోంది. వాళ్లింటి ముందునుంచి వెళ్తే కనబడింది. తళతళలాడుతోంది.

219వ ఆము
పుస్తకం చదివిన మర్నాడు

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

అందరూ నాలుగో సొరంగంలో కూర్చున్నారు. పళ్లెంలో రాగి తీగ. ముందు చదువు, తర్వాత తీగ అన్నాడు రాయలింగన్న. దాటేయాల్సిన పేజీలకు దారాలు పెట్టుకుని వచ్చాను, అంత తెలివి ఉంది నాకు. 211 చదివాను. ఎప్పటిలాగే ఆవలింతలు. 214 చదివి 410 అనగానే చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. మొదటి దారం వచ్చింది. పేజీ తిప్పబోతూ తలెత్తాను.

ముందు వరసలో వదిన కూర్చుని ఉంది. ఒక్క మాట కూడా పోకూడదని, ఎడమ చెవి వెనక అరచెయ్యి ఆనించి, మెడ ముందుకు చాచి నా నోటివైపే చూస్తోంది.

తిప్పలేకపోయాను. "ఈ పేజీ చదవను" అని రాసి ఉంది కదా, అదే మొదట చదివాను. 236, 402, 171, 395 అన్నీ చదివాను. చీరలు ఆరేసింది చదివాను. సగం అన్న కోసం, సగం 410 కోసం అన్నది చదివాను. బిళ్ళలు బాగానే ఉన్నాయన్నది చదివాను. పచ్చిపులుసు, దిమ్మె, ఈ మధ్యనే అన్న అబద్ధం, చింతపండు, అన్నీ. ఎవరూ ఆవలించలేదు. ఎక్కడో మధ్యలో వదిన చెయ్యి చెవి వెనకనుంచి మెల్లగా కిందికి దిగి ఒళ్లో పడింది.

పుస్తకం మూశాను. వదిన లేచింది.

"ఆ దినం పది దెబ్బలు కొడితివా?"

"కొట్టాను వదినా."

"పదికి పది గట్టిగనే కొడితివా?"

"గట్టిగానే కొట్టాను."

"అయితే నా చెవి మంచిదే" అంది. నాతో అనలేదు, తనతో తాను అనుకుంది. కళ్లనిండా నీళ్లు. ఇన్నాళ్లూ నూట ముప్ఫై మంది ప్రాణాల మీదికి తెచ్చానని ఆమె రోజూ ఎంతగా చచ్చిందో నాకప్పుడు తెలిసింది. పళ్లెంలోంచి తీగ తీసుకుని తనే చుట్టుకుంది. ఎవరి సాయమూ అడగలేదు.

అప్పుడు మొదలైంది గోల. దీని బిళ్ళలు వద్దు, తాళం తీయండి, సీసమే నయం అని వెనకనుంచి అరిచారు. నేను 243 గురించి చెప్పబోయాను. నా మాట ఎవరు వింటారు? ఎందుకు వినాలి?

వదిన చెయ్యెత్తింది.

"సీసం వద్దు. మూడేండ్లు మా ఆయనకు నేను బువ్వ పెట్టిన. ఏ ఆడిదానికి ఆ పని రావద్దు. కొత్త బిళ్ళలు పెట్టుండ్రి. ఎండపూట నేను కూసుండి ఇని సూస్త, అప్పుడు చెప్త మంచియో కాదో. ఈమె చీటీ నాకక్కరలేదు."

ఈమె అంది. పేరు పెట్టి పిలవలేదు.

సభ ఒప్పుకుంది. నన్ను కొలతల గదినుంచి తప్పించారు, పొడులు నూరడం మాత్రం నా పని. ఇకనుంచి కొలత 27 దగ్గర ఒకటి, 38 దగ్గర ఒకటి తీస్తారు, బల్ల మీద రెండూ రాస్తారు. ఇవాళ పొద్దున రాశారు: 243, 241. ఇవి కొలిచింది నేను కాదు, అయినా తప్పు లేవు.

నిన్న అందరూ లేచి వెళ్తుంటే జనంలోంచి తోసుకుంటూ ఆమె వెనక నడిచాను. నాలుగడుగుల దూరంలో ఉన్నాను. "వదినా" అన్నాను. ఇంకోసారి పిలిచాను, గట్టిగానే పిలిచాను. పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు.

ఈ బాయిలో అందరికన్నా మంచి చెవి ఆమెది. వినబడనట్టే వెళ్లిపోయింది.